ముప్పై తొమ్మిదేళ్లకు పసుపు జెర్సీ: అన్నెమీక్ వాన్ వ్లూటెన్ ప్రయాణం

(సైక్లింగ్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెల్లవారుజామున రైడ్‌కి వెళ్లి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. కొందరు ఇంట్లోవాళ్లనీ వెంటబెట్టుకొచ్చారు. చాలా సంతోషం. సైక్లింగ్ పరిచయం లేనివాళ్లకు కూడా అర్థమయ్యేలా మాట్లాడటానికి ప్రయత్నిస్తాను.

ఇవాళ నేను మాట్లాడేది నెదర్లాండ్స్ రోడ్ సైక్లిస్ట్ అన్నెమీక్ వాన్ వ్లూటెన్ గురించి. ఆమె మీద ఇంటర్నెట్‌లో బోలెడన్ని వీడియోలున్నాయి. దాదాపు అన్నింటిలోనూ ఒకటే కథ: ఘోరంగా పడింది, మళ్లీ లేచింది, గెలిచింది. ఆ కథలో అబద్ధమేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది నాకు. రోడ్ సైక్లింగ్‌లో పడనివాళ్లు ఉండరు. లేచినవాళ్లు కూడా వందల్లో ఉంటారు. వాళ్లందరూ ప్రపంచ చాంపియన్లు కాలేదు కదా. ఈమె ఎలా అయింది అన్నదే నా ప్రశ్న. నాకు దొరికిన జవాబు రెండు ముక్కలు. ఆమెకు సాధన మీద ఉన్న తీరని ఆకలి ఒకటి. ఆ సాధన ఫలితం బయటపడాలంటే కావలసిన పొడవైన, కష్టమైన రేసులు ఆడవాళ్లకు చాలాకాలం లేకపోవడం రెండోది. ఆమె ఎదుగుతున్న కాలంలోనే ఆ రేసులు కూడా ఎదిగాయి. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే ఆమె కెరీర్ అర్థమవుతుంది.

ఆమె పుట్టింది 1982 అక్టోబర్ 8న, ఉట్రెక్ట్ నగరం పక్కనున్న వ్లూటెన్ అనే ఊళ్లో. నెదర్లాండ్స్‌లో సైకిల్ తొక్కనివాళ్లు అరుదు. బడికీ, ఆఫీసుకీ, కూరగాయలకీ సైకిలే. కానీ అలా తొక్కడం వేరు, రేసులు వేరు. చిన్నప్పుడు, కుర్రతనంలో ఆమె ఆడింది ఫుట్‌బాల్. మోకాలికి దెబ్బ తగలడంతో ఫుట్‌బాల్ మానేయాల్సి వచ్చింది. అప్పుడు సైకిల్ ఎక్కింది. ఈలోగా వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో చదువు సాగింది. వ్యవసాయం, జీవశాస్త్రాలకు ప్రపంచంలో పేరున్న చోటు అది. ఎపిడెమియాలజీలో, అంటే వ్యాధులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రంలో, మాస్టర్స్ చేసింది. ఆటల్లోకి రాకపోయి ఉంటే ఏ ఆరోగ్య పరిశోధన సంస్థలోనో ఉద్యోగం చేసుకుంటూ ఉండేది.

సైక్లింగ్‌ను గట్టిగా పట్టుకునేసరికి ఆమె వయసు ఇరవై అయిదుకు దగ్గర పడింది. అది ఎంత ఆలస్యమో తెలియాలంటే అదే దేశంలో పుట్టిన మారియానె వోస్‌ను చూడాలి. వోస్ 1987లో పుట్టింది. 2004లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2006లో, పందొమ్మిదేళ్లకే, పెద్దవాళ్ల ప్రపంచ చాంపియన్. 2008లో వోస్ మెడలో ఒలింపిక్ బంగారు పతకం కూడా పడింది. 2009లో ఇద్దరూ ఒకే జట్టులోకి వచ్చారు. తనకన్నా అయిదేళ్లు చిన్నదైన అమ్మాయి జట్టుకు నాయకురాలు. ఆమె గెలవడం కోసం పనిచేయడం ఈమె ఉద్యోగం.

ఆ ఉద్యోగం అంటే ఏమిటో సైక్లింగ్ తెలియనివాళ్లకు చెప్పాలి. రోడ్ రేస్‌లో అసలు శత్రువు గాలి. ముందు వెళ్లేవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతారు. వాళ్ల చక్రం వెనకే అంటిపెట్టుకుని వెళ్లేవాళ్లకు దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే నాయకురాలిని చివరి కిలోమీటర్ల దాకా గాలి తగలకుండా కాపాడటం మిగతావాళ్ల పని. నీళ్ల సీసాలు తెచ్చివ్వడం, ఎదుటి జట్టువాళ్లు ముందుకు పారిపోతే తరిమి పట్టుకోవడం, అవసరమైతే తన సైకిల్ దిగి ఇచ్చేయడం కూడా వాళ్ల పనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వోస్ వానలో తడుస్తూ బంగారం గెలిచినప్పుడు ఆ డచ్ జట్టులో వాన్ వ్లూటెన్ ఉంది. పతకం మాత్రం వోస్ ఒక్కదానికే. రోడ్ సైక్లింగ్ న్యాయం అలాంటిది.

అలాగని ఆ రోజుల్లో ఆమె గెలుపులే లేని సహాయకురాలని అనుకోకండి. 2011లో బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ గెలిచింది. రాళ్లు పరిచిన దారులు, నిటారుగా లేచే చిన్న చిన్న గుట్టలు, ఇరుకు రోడ్లు, ఈదురుగాలి ఉండే రేస్ అది. అదే సంవత్సరం ప్రపంచకప్ సిరీస్ కూడా గెలిచింది. మంచి క్రీడాకారిణి అని అందరికీ తెలుసు. గొప్ప క్రీడాకారిణి అని ఎవరూ అనలేదు. అప్పటికి అనడానికి కారణమూ లేదు.

ఇక్కడ కాసేపు ఆమెను పక్కన పెట్టి ఆడవాళ్ల రేసుల గురించి చెప్పాలి. ఈ భాగం వీడియోల్లో ఉండదు.

1984లో ఆడవాళ్లకు టూర్ డి ఫ్రాన్స్, అంటే రోజుకో దశగా చాలా రోజులు సాగే రేస్, పెట్టారు. అమెరికాకు చెందిన మేరియన్ మార్టిన్ గెలిచింది. 1989 తరవాత ఆ రేస్ ఆగిపోయింది. ఆ తరవాత వేరే వేరే పేర్లతో ఫ్రాన్స్‌లో ఆడవాళ్ల రేసులు నడిచాయి. డబ్బుల్లేక ఏటికేడు చిక్కిపోయి, చివరికి అవీ మూతపడ్డాయి. 2013లో వోస్, బ్రిటన్‌కు చెందిన ఎమ్మా పూలీ, అమెరికన్ రైడర్ క్యాథరిన్ బెర్టీన్, ట్రయథ్లాన్ చాంపియన్ క్రిస్సీ వెల్లింగ్టన్ కలిసి, ఆడవాళ్లకు టూర్ కావాలని సంతకాల సేకరణ మొదలుపెట్టారు. దాదాపు లక్షమంది సంతకాలు చేశారు. దానికి ఫలితంగా 2014లో వచ్చింది లా కోర్స్ అనే ఒక్కరోజు రేస్. పారిస్ షాంజెలీజే వీధిలో, మగవాళ్ల టూర్ ముగిసే రోజున, అదే రోడ్డు మీద కొన్ని చుట్లు. మొదటిసారి వోసే గెలిచింది. ఆనందించదగ్గ విషయమే. కానీ ఆలోచించండి. చదునైన రోడ్డు, తొంభై కిలోమీటర్లు కూడా లేని దూరం. అలాంటి చోట గెలిచేది ఆఖరి రెండు వందల మీటర్లలో విరుచుకుపడగల స్ప్రింటర్. అయిదో గంటలోనూ ఒంట్లో బలం మిగిలి ఉండేవాళ్లకు అక్కడ చోటే లేదు.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది 200 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌లు, చేశారు. మొదటి 50 కిలోమీటర్లలో మిమ్మల్ని విసురుగా దాటేసిపోయిన మనిషి 150 దగ్గర టీ కొట్టు బల్ల మీద కూలబడి కనిపించడం మీకు అనుభవమే కదా. రేసుల్లోనూ అంతే. తాజాగా ఉన్న కాళ్లతో అయిదు నిమిషాలు గట్టిగా తొక్కడం పై స్థాయిలో చాలామందికి వచ్చు. నాలుగు గంటల రేస్ అయ్యాక, మూడో కొండ మీద కూడా అంతే గట్టిగా తొక్కగలవాళ్లు చాలా కొద్దిమంది. వాన్ వ్లూటెన్ ఆ కొద్దిమందిలో మనిషి. కాకపోతే రేస్ అంత దూరం వెళ్తేనే ఆ సంగతి బయటపడుతుంది. ఆడవాళ్ల రేసులకు అంతర్జాతీయ సమాఖ్య దూరంలో పరిమితి పెట్టింది. మగవాళ్లకన్నా చాలా తక్కువ దూరం. ఆడవాళ్లు అంత దూరం తట్టుకోలేరన్న పాత నమ్మకమే దాని వెనక ఉందని నా అభిప్రాయం.

జీతాల సంగతి ఇంకా బాధాకరం. పై స్థాయి మహిళా జట్లకు కనీస వేతనం అనేది 2020లో గానీ రాలేదు. అదీ సంవత్సరానికి 15,000 యూరోలు. పై స్థాయి పురుషుల కనీస వేతనంలో సగం కూడా కాదది. దానికి ముందు చాలామంది అమ్మాయిలు ఉద్యోగం చేసుకుంటూనో, ఇంట్లోవాళ్ల మీద ఆధారపడుతూనో రేసులు తొక్కారు. ముప్పై దాటకుండానే ఎంతమంది వదిలేసి వెళ్లిపోయారో. వాళ్లలో ఇంకెందరు వాన్ వ్లూటెన్‌లు ఉండేవారో ఆలోచిస్తే మనసు ఒప్పదు.

సరే, రియోకి వద్దాం. 2016 ఆగస్టు 7. మనకు అర్ధరాత్రి దాటింది. నేను మేలుకుని చూస్తున్నాను. రేస్ చివర్లో విస్టా చైనీజా అనే కొండ ఉంది. దట్టమైన అడవిలోంచి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. అమెరికాకు చెందిన మారా అబాట్ ఆ కాలంలో కొండలెక్కడంలో మేటి. ఆమెతో సమానంగా వాన్ వ్లూటెన్ ఎక్కేసింది. అప్పటివరకూ ఈమెను ఎవరూ కొండల మనిషిగా లెక్కవేయలేదు. ఆ ఎక్కుడు చూసి నేను లేచి నిలబడ్డాను. దిగువ మొదలవగానే అబాట్‌ను వెనక వదిలేసింది. ఒంటరిగా, ఒలింపిక్ బంగారం వైపు వెళ్తోంది. తడి రోడ్డు. ఒక కుడి మలుపులో చక్రం అదుపు తప్పింది. తల కిందులుగా వెళ్లి రోడ్డు పక్క సిమెంటు అంచు మీద పడింది. కదలిక లేదు. ముందురోజు మగవాళ్ల రేస్‌లో ముందంజలో ఉన్న ఇటలీ రైడర్ విన్చెంజో నీబాలి పడింది కూడా అదే దిగువలో. అలాంటి రోడ్డు పక్కన ఆ సిమెంటు అంచుల్ని అలా వదిలేసి రేస్ పెట్టడం తప్పు అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అబాట్‌ను ముగింపుకు ఇంకాస్త దూరంలో ఉండగా వెనకనుంచి వచ్చిన ముగ్గురు పట్టుకున్నారు. బంగారం గెలిచింది ఇంకో డచ్ రైడర్, అన్నా వాన్ డెర్ బ్రెగెన్. గెలిచిన మనిషికి తన సహచరి బతికుందో లేదో తెలియని పరిస్థితి. వాన్ వ్లూటెన్‌కు తలకు గట్టి దెబ్బ, నడుము దగ్గర వెన్నెముకలో మూడు చిన్న పగుళ్లు. ఐసీయూలో పెట్టారు. అక్కడినుంచే ఆమె, కోలుకుంటాను, కానీ నా కెరీర్‌లోకెల్లా మంచి రేస్ ఇలా అయిపోయినందుకు చాలా నిరాశగా ఉంది అన్న అర్థంలో ట్వీట్ చేసింది. అందరూ ఆ మాటలో ధైర్యాన్ని చూశారు. నాకు మాత్రం ‘మంచి రేస్’ అన్న చోటే చూపు ఆగింది. ఆ రోజు ఆమెకు కొత్తగా తెలిసింది ఒకటుంది: ప్రపంచంలోని మేటి క్లైంబర్లతో తాను సమానంగా కొండ ఎక్కగలదు. ముప్పై మూడేళ్ల వయసులో తన శరీరం గురించి కొత్త విషయం తెలుసుకుంది. మంచం మీద నుంచి లేచాక ఆమె చేసిందంతా ఆ విషయాన్ని పట్టుకుని చేసిందే.

ఆమె సాధన గురించి తోటి రైడర్లు ఎప్పుడూ ఆశ్చర్యంగానే మాట్లాడతారు. పురుషుల జట్ల శిక్షణ శిబిరాలకు వెళ్లి వాళ్లతో పాటు తొక్కేది. మిచెల్టన్-స్కాట్ జట్టులో ఉన్నప్పుడూ, తరవాత మూవీస్టార్‌లో చేరాకా అదే పద్ధతి. వాళ్ల వెనక రోజూ గంటల తరబడి తొక్కితే, ఆడవాళ్ల రేస్‌లో ఎప్పుడూ ఎదురుకాని వేగానికి, దూరానికి ఒళ్లు అలవాటు పడుతుంది. ఇటలీలోని లివిన్యో లాంటి ఎత్తయిన చోట్ల వారాల తరబడి ఉండేది. గాలిలో ఆక్సిజన్ పలచగా ఉండే ఎత్తులో కొన్నాళ్లుంటే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి, కిందికి దిగాక కండరాలకు ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. మిగతావాళ్లూ ఇవి చేస్తారు. అయితే ఆమె చేసినంత మోతాదులో, అంత ఇష్టంగా చేసినవాళ్లు తక్కువ. సైన్స్ చదివిన బుర్ర కదా, ఒళ్లు దేనికి ఎలా స్పందిస్తోందో గమనించుకోవడం ఆమెకు పనిగా కాక సరదాగా ఉండేదనిపిస్తుంది. దీనికి ఇంకో కోణం ఉంది. పదిహేనేళ్ల వయసు నుంచీ రేసుల్లో నలిగినవాళ్లు ముప్పై అయిదుకల్లా విసిగిపోతారు. ఈమెకు ఆ వయసులో అన్నీ ఇంకా కొత్తే.

2017లో నార్వేలోని బెర్గెన్‌లో టైమ్ ట్రయల్ ప్రపంచ చాంపియన్ అయింది. టైమ్ ట్రయల్ అంటే ఒంటరిగా గడియారంతో పోటీ. ఎవరి వెనకా దాక్కోవడానికి లేదు. 2018లో మళ్లీ అదే టైటిల్. ఆ ఏడాదే ఇటలీ టూర్ గెలిచింది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన ప్రపంచ రోడ్ రేస్‌లో మధ్యలో పడి మోకాలి ఎముక విరిగింది. విరిగిన మోకాలితోనే కొండలెక్కి ఏడో స్థానంలో వచ్చింది. ఇది చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొడతారు. నేను మీకు ఇది అనుసరించమని మాత్రం చెప్పను. పడిన తరవాత నొప్పి ఉంటే ఆగిపోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

2019 సెప్టెంబర్ 28, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్. బ్రాడ్‌ఫర్డ్ నుంచి హారోగేట్ వరకూ 149 కిలోమీటర్ల ప్రపంచ రోడ్ రేస్. లాఫ్ట్‌హౌస్ అనే కొండ మీద, ఇంకా 100 కిలోమీటర్లకు పైగా మిగిలి ఉండగా, ఆమె ఒక్కతే వెళ్లిపోయింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఎవరూ చేయని పని. అంత దూరం ఒంటరిగా గాలిని చీల్చుకుంటూ పోతే వెనక గుంపు ఎలాగూ పట్టేసుకుంటుందని లెక్క. పట్టుకోలేదు. రెండు నిమిషాలకు పైగా తేడాతో గెలిచింది. రెండో స్థానం వాన్ డెర్ బ్రెగెన్‌ది. తన దేశపు మనిషి ముందుంది కాబట్టి ఆమె తరిమే గుంపులో ఉండి కూడా తరమడానికి సాయం చేయలేదు. దాన్ని కూడా లెక్కలో వేయాలి, కాదనను. అయినా ఆ వంద కిలోమీటర్లు ఎవరూ ఆమె బదులు తొక్కలేదు.

2020 గురించి త్వరగా చెప్పేస్తాను. కరోనా వల్ల ఆలస్యంగా జరిగిన ఇటలీ టూర్‌లో ముందంజలో ఉండగా పడి మణికట్టు విరిగింది. రోజుల వ్యవధిలోనే ఇమోలాలో ప్రపంచ రోడ్ రేస్‌కి కట్టుతో వచ్చి రెండో స్థానం తెచ్చుకుంది.

టోక్యో మీద మాత్రం తీరిగ్గా మాట్లాడాలి. 2021 జులై 25, ఆదివారం. మనకు మధ్యాహ్న భోజనాల వేళకు రేస్ ముగిసింది. డచ్ జట్టులో నలుగురు: వాన్ వ్లూటెన్, వాన్ డెర్ బ్రెగెన్, వోస్, డెమి వోలెరింగ్. నలుగురూ గెలవగలవాళ్లే. అంత బలమైన జట్టు అంతకుముందు ఎవరూ చూడలేదు. రేస్ మొదలవగానే ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ మరికొందరితో కలిసి ముందుకు వెళ్లిపోయింది. ఆమె వృత్తిరీత్యా గణిత శాస్త్రవేత్త. ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేదు. పెద్దవాళ్లెవరూ పట్టించుకోలేదు. ముందుకు వెళ్లినవాళ్లలో ఒక్కొక్కరే వెనకబడుతూ వచ్చారు, వెనక గుంపు వాళ్లను కలుపుకుంటూ వచ్చింది. ఒలింపిక్స్‌లో రైడర్ల చెవిలో రేడియో ఉండదు. ముందు ఇంకా ఒకరున్నారన్న సంగతి వెనక ఉన్న చాలామందికి తెలియలేదు. ఫ్యూజీ స్పీడ్‌వే ముగింపు గీతను వాన్ వ్లూటెన్ రెండు చేతులూ పైకెత్తి దాటింది, బంగారం గెలిచానన్న ఆనందంతో. కీసెన్‌హోఫర్ అప్పటికి 75 సెకన్ల కిందటే గెలిచేసింది.

ఆ చేతులెత్తిన ఫొటో పెట్టుకుని ప్రపంచమంతా నవ్వింది. నాకది చాలా కష్టంగా అనిపించింది. తప్పు జరిగింది నిజమే, కానీ అది జట్టు వ్యూహంలో జరిగిన తప్పు. నలుగురూ నాయకురాళ్లే అయినప్పుడు, ముందుకెళ్లినవాళ్లను తరిమే కూలిపని ఎవరు చేయాలి? ఒకరు కష్టపడితే లాభం ఇంకొకరికి పోతుంది. అలా అందరూ ఆగారు. ఇంకో పక్క కీసెన్‌హోఫర్ గెలుపును ఎవరి పొరపాటు వల్లనో వచ్చిన గెలుపుగా చూడటం కూడా సరికాదు. 137 కిలోమీటర్ల రేస్‌లో మొదటి నిమిషం నుంచీ ముందుండి, చివరి 40 కిలోమీటర్లు ఒక్కతే తొక్కింది ఆమె.

మూడు రోజుల తరవాత టైమ్ ట్రయల్. 22 కిలోమీటర్లు. వాన్ వ్లూటెన్ ఎంత తేడాతో గెలిచిందో తెలుసా? 56 సెకన్లు. అరగంట పోటీలో దాదాపు నిమిషం. 38 ఏళ్ల వయసులో ఒలింపిక్ బంగారం. అదే ఏడాది అక్టోబర్‌లో రాళ్లు పరిచిన దారుల మీద సాగే పారిస్-రూబే రేస్ ఆడవాళ్లకు మొట్టమొదటిసారి జరిగింది. 1896 నుంచి మగవాళ్లకు ఉన్న రేస్ అది, ఆడవాళ్లకు రావడానికి 125 ఏళ్లు పట్టింది. ఆ బురద రాళ్ల మీద పడి ఆమె కటి ఎముక రెండు చోట్ల విరిగింది.

చివరికి 2022 వచ్చింది. జులై 24న పారిస్‌లో టూర్ డి ఫ్రాన్స్ ఫామ్, అంటే ఆడవాళ్ల టూర్, మొదలైంది. ఎనిమిది రోజులు, ఎనిమిది దశలు, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, చివరి రెండు రోజులు వోజ్ పర్వతాలు. రెండు వారాల కిందటే ఆమె ఇటలీ టూర్ మూడోసారి గెలిచి వచ్చింది. అందరి అంచనా ఆమె మీదే. మొదటి రోజుల్లోనే కడుపు చెడింది. ఏమీ తినలేని స్థితి. రోజూ మూడు నాలుగు గంటలు తొక్కే మనిషికి తిండి దిగకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంటికి వెళ్లిపోదామా అన్న దాకా వచ్చింది. ఆ రోజుల్లో మూవీస్టార్ జట్టులోని అమ్మాయిలు ఆమెను గుంపులో కాపాడుకుంటూ, వెనకబడకుండా లాక్కొచ్చారు. ఒకప్పుడు తాను వోస్‌కు చేసిన పని ఇప్పుడు వాళ్లు ఆమెకు చేశారు. అన్ని రోజుల సమయం కలిపితే ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ అప్పుడు ఎవరి ఒంటి మీద ఉందనుకుంటున్నారు? వోస్ ఒంటి మీదే.

ఏడో రోజు. సెలెస్తా నుంచి లె మార్క్‌స్టైన్‌కు 127 కిలోమీటర్లు. మూడు పెద్ద కొండలు: ప్తీ బాలోన్, ప్లాట్జర్వాజెల్, గ్రాండ్ బాలోన్. మొదటి కొండ మీదే వాన్ వ్లూటెన్ దాడి చేసింది. వోలెరింగ్ ఒక్కతే వెంట నిలబడగలిగింది. రెండో కొండ మీద ఆమె కూడా జారిపోయింది. ముగింపుకు ఇంకా 60 కిలోమీటర్లకు పైగా దూరం. ఒంటరిగా దిగువలు, లోయ రోడ్లు, మూడో కొండ. వోలెరింగ్ మీద మూడు నిమిషాల 26 సెకన్ల తేడాతో గెలిచి, పసుపు జెర్సీ తొడుక్కుంది. వారం కిందట నీళ్లు కూడా దిగని మనిషి. ఎనిమిదో రోజు ప్లాంష్ దే బెల్ ఫీల్ కొండకు వెళ్లే దారిలో పలుమార్లు సైకిల్ మార్చాల్సి వచ్చింది. ప్రతిసారీ వెనకబడి, మళ్లీ గుంపును అందుకుని, ఆఖరికి ఆ రోజు కూడా గెలిచింది. అప్పటికి ఆమెకు 39 ఏళ్లు నిండి తొమ్మిది నెలలు. టూర్ కోసం వోస్ వాళ్లు సంతకాలు సేకరించే నాటికే ముప్పై దాటిన మనిషి, అప్పుడే గనక రేసులు ఆపేసి ఉంటే ఈ రేస్ వచ్చేదాకా ఉండేదే కాదు.

ఆ సెప్టెంబర్‌లో స్పెయిన్ టూర్ కూడా గెలిచింది. తరవాత ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్‌లో ప్రపంచ పోటీలు. రోడ్ రేస్‌కు మూడు రోజుల ముందు జట్టు టైమ్ ట్రయల్‌లో పడి మోచెయ్యి విరిగింది. శనివారం రేస్‌కి వచ్చింది, వోస్‌కు సాయం చేయడానికి. మోచేతి మీద బరువు వేయలేదు కాబట్టి కొండ మీద సీటు నుంచి లేచి నిలబడి తొక్కలేదు. కూర్చునే తొక్కాలి. చివరి కొండ దగ్గర వెనకబడిపోయింది. ముందున్న చిన్న గుంపు ముగింపు దగ్గర ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదించింది. వెనకనుంచి అందుకున్నవాళ్లతో పాటు ఈమె కూడా వచ్చింది. అందరూ స్ప్రింట్ కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్న ఆ క్షణంలో, కిలోమీటర్ కూడా లేని దూరం నుంచి ఒక్క ఊపున వెళ్లిపోయింది. బెల్జియం రైడర్ లొట్టె కొపెకీ ఒక్క సెకను వెనక. స్ప్రింట్ రాని మనిషి, చెయ్యి విరిగిన మనిషి, ప్రపంచ చాంపియన్. దీన్ని అదృష్టం అనేవాళ్లు ఉన్నారు. 164 కిలోమీటర్ల తరవాత మిగతావాళ్ల కాళ్లు ఏ స్థితిలో ఉంటాయో, తన కాళ్లలో ఇంకా ఏం మిగిలి ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ తెలివిడి ఎన్నో ఏళ్ల సాధనలో వచ్చింది.

2023 ఆఖరి సంవత్సరం. స్పెయిన్ టూర్ వోలెరింగ్ మీద కేవలం తొమ్మిది సెకన్ల తేడాతో గెలిచింది. అందులో ఒక రోజు వోలెరింగ్ కాలకృత్యం కోసం ఆగిన సమయంలో, పక్కగాలి వీచే రోడ్డు మీద మూవీస్టార్ వేగం పెంచింది. ఆ దాడి ముందే అనుకున్నదని జట్టు చెప్పింది. నిబంధనల ప్రకారం తప్పు లేదు. కానీ నాకు ఆ గెలుపు మిగతా గెలుపుల్లా నచ్చలేదు, అది మీకు దాచను. జులైలో నాలుగోసారి ఇటలీ టూర్. ఆ తరవాత ఫ్రాన్స్‌లో, తూర్మాలే కొండ మీద పొగమంచులో వోలెరింగ్ ఆమెను వెనక వదిలేసి టూర్ గెలిచింది. వాన్ వ్లూటెన్ నాలుగో స్థానం. సెప్టెంబర్‌లో సొంత దేశంలో జరిగిన సిమాక్ లేడీస్ టూర్‌తో రేసులు మానేసింది. నలభై ఒకటో పుట్టినరోజుకు ఒక నెల ముందు.

ఇందాక లోపలికి వస్తుంటే ఒకమ్మాయి అడిగింది, మేడమ్, ఆమె రేసుల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు అని. యార్క్‌షైర్ అందరూ చెబుతారు. నేను 2018 లా కోర్స్ చూడమంటాను. అప్పటికి ఆ రేస్ పారిస్ వీధులు వదిలి ఆల్ప్స్‌కు వచ్చింది. అన్నెసీ నుంచి లె గ్రాండ్-బోర్నాన్. ఇటలీ టూర్ గెలిచిన రెండో రోజు అది. కొలొంబియేర్ కనుమ దిగుతూ వాన్ డెర్ బ్రెగెన్ ఒంటరిగా ముందుంది. వాన్ వ్లూటెన్ వెనక, ఒంటరిగా తరుముతోంది. సెకన్లు తగ్గడం లేదు. కామెంటేటర్లు వాన్ డెర్ బ్రెగెన్ గెలిచేసినట్టే మాట్లాడుతుంటారు. ఆఖరి కొన్ని మీటర్లలో వాన్ వ్లూటెన్ పక్కనుంచి దూసుకొచ్చి ఒక్క సెకను తేడాతో గెలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చూపంతా ఆ ముగింపు మీదే ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు దానికి ముందు అయిదు కిలోమీటర్లు చూడండి. గెలిచే ఆశ ఎక్కడా కనిపించని ఆ దూరమంతా ఆమె భుజాలు కదలవు, తల వంగదు, కాళ్ల వేగం ఎక్కడా తగ్గదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.